పిండి డబ్బాతో షాపుకొచ్చిన బాబాయి

"ఏమ్మా, ఈ ఓవెన్ ఓసారి వేడెక్కించి పెడతారా? పిండి నేనే తెచ్చుకున్నాను."

వంటింటి సామాన్లు అమ్మే ఆవిడ మొహం మీది నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ ఉద్యోగంలో ఆవిడకు రకరకాల మనుషులు తగిలి ఉంటారు గానీ, సొంత పిండితో వచ్చినవాడు తగిలి ఉండడు.

"పిండి తెచ్చుకున్నారా సార్?"

"పిండీ, టమాటా గుజ్జూ, చీజూ అన్నీ ఉన్నాయి. కత్తి మాత్రం తేలేదు. కత్తితో షాపులోకి వెళ్తే మర్యాదగా ఉండదని మా పిచ్చుక వద్దంది."

ఆ పిచ్చుక అనే అమ్మాయి, అంటే ఆయన అన్నగారి కూతురు, ఆ సరికే ఫ్రిజ్‌ల వరసలోకి తప్పుకుంది. ఒక ఫ్రిజ్ తలుపు తీసి, ఖాళీ అరల్లో ఏదో ముఖ్యమైన వస్తువు పోగొట్టుకున్నదానిలా తల లోపల పెట్టేసింది. బాబాయితో షాపుకి వెళ్లేవాళ్లకి ఇలాంటి చోటొకటి ఎప్పుడూ కావాలి. ఫ్రిజ్‌లు దొరకడం ఆ రోజు ఆమె అదృష్టం. చెప్పుల షాపులో అయితే దాక్కోవడానికి ఏమీ ఉండదు.

బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏ వస్తువైనా తాను వాడితే గానీ కొనడు. లోకమంతా చూసి కొంటుంది. బాబాయి చూడడు, వాడతాడు. షాపులోనే, షాపువాళ్ల ఎదురుగానే, ఇంట్లో ఎలా వాడతారో అచ్చం అలాగే వాడతాడు. గొడుగు కావాలంటే వెనకాల కుళాయి ఎక్కడుందని అడుగుతాడు. ఇస్త్రీపెట్టె కావాలంటే నలిగిన చొక్కా తొడుక్కుని వెళ్లి అక్కడ విప్పుతాడు. మంచం కొనడానికి వెళ్లిన రోజున కడుపునిండా భోంచేసి మరీ వెళ్లాడు, ఆకలి మీద నిద్ర సంగతి తెలియదని. షాపు మూసేవేళ లేపితే ఒళ్లు విరుచుకుని, "దిండు బాగుంది. మంచం సంగతి ఇంకోసారి పడుకుని చెప్తాను" అన్నాడు.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు పిచ్చుక ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటోంది. నోరు తెరవడానికి భయపడి వచ్చినవాళ్లు బయటి గదిలో మాత్రం ఆపకుండా మాట్లాడతారు, ఆమె ఓపిగ్గా వింటుంది. ఎవరైనా తమ ఇంట్లోని చాదస్తపు మనిషి గురించి మొదలుపెడితే చాలు, ఆమెకు కాలుతున్న పిండి వాసన తగులుతుంది. వెంటనే నవ్వొస్తుంది. పంటినొప్పితో వచ్చినవాళ్లకి ఆ నవ్వు నచ్చదు.

బాబాయికి ఈ అలవాటు అంటించింది ఆయన ఉద్యోగం. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. బాగుచేసినవాడే ముందు ఎక్కాలి. పైదాకా వెళ్లి, క్షేమంగా కిందికి రావాలి. ఆ తరవాతే జనాన్ని ఎక్కనివ్వాలి. వాళ్లుండే భవనంలో లిఫ్టు ఆగిపోయినప్పుడల్లా జనమంతా సంచులు మోసుకుంటూ కింద నిలబడేవాళ్లు. బాబాయి రిపేరు ముగించి, చేతులు తుడుచుకుని, ఒక్కడే లోపలికెళ్లి తలుపు మూసుకునేవాడు.

"ఏమయ్యా, అంత చోటుంది, మమ్మల్నీ రానివ్వొచ్చుగా!"

"ముందు నేను."

జనం దాన్ని గర్వం అనుకునేవాళ్లు. కింది అంతస్తులో ఉండే టైలరు అయితే, "రాజుగారు ఊరేగి రావాలి, ఆగండి" అని అందరినీ నవ్వించేవాడు. పిచ్చుక మాత్రం ఆ లిఫ్టు తిరిగొచ్చేదాకా భయంగా అంకెలు లెక్కపెట్టుకునేది. కిందికొచ్చి తలుపు తెరుచుకోగానే బాబాయి జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చేవాడు. లిఫ్టు బాగైందనడానికి ఆమెకు అదే గుర్తు.

ఆ ఉద్యోగమే ఇంకో అలవాటు కూడా నేర్పింది, కళ్లు మూసుకోవడం. "మోటారు మాట్లాడుతుందే పిచ్చుకా. కళ్లు తెరుచుకుని ఉంటే దాని మాట వినపడదు" అనేవాడు. అందుకని మిక్సీ ముందైనా, ఫ్యాన్ కిందైనా, బట్టలుతికే మిషన్ పక్కనైనా కళ్లు మూసుకుని, తల ఓ పక్కకి వాల్చి నిలబడిపోయేవాడు. ఒకసారి ఫ్యాన్ల షాపులో ఒకావిడ, పాపం పెద్దాయనకి కళ్లు తిరుగుతున్నాయని కంగారుపడి కుర్చీ వేయించింది. బాబాయి కూర్చుని అటూ ఇటూ కదిలి చూసి, "కుర్చీ బాగుందమ్మా. ఇదెక్కడ కొన్నారు?" అన్నాడు.

పిచ్చుక బడిసంచి కథ ఇంకా ఘోరం. షాపులో ఉన్న లావుపాటి పుస్తకాలన్నీ సంచిలో కుక్కించి, తన భుజాలకు తగిలించుకుని, మోకాళ్ల మీద మెట్లెక్కాడు.

"లే బాబాయ్, అందరూ చూస్తున్నారు!"

"నీ ఎత్తులో ఎక్కితేనే గదా నీకెలా ఉంటుందో తెలిసేది. ఇది మెడ దగ్గర కోస్తోంది. వద్దు. ఇంకోటి తియ్యండి."

సీతాకోకచిలుక బొమ్మ ఉన్న సంచి అలా చేజారిపోయింది. పిచ్చుక దారిపొడవునా ఏడ్చింది. ఇంటికొచ్చాక ఆమె తల్లి బాబాయి ప్యాంటు మోకాళ్లు చూసి, "మరిదిగారూ, సంచికంటే ఈ ప్యాంటు ఖరీదెక్కువ" అంది.

ఇక పిన్ని. ఆవిడ చేతివంట గురించి చెప్పాలంటే ముందు ఆవిడ మోచేతుల గురించి చెప్పాలి. వాటికి ఎప్పుడూ పిండి అంటుకునే ఉండేది. బజారు వీధిలోని బేకరీలో పెద్ద ఓవెన్ ఆవిడ చేతికింద నడిచేది. బడి వదిలాక పిచ్చుక ఆ బేకరీ వెనక తలుపు దగ్గర నిలబడేది. పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని ఓవెన్ నోటి ముందు పెట్టి, "వేడి ఎలా ఉంది? బ్రెడ్డు వేడా, పిజ్జా వేడా?" అని అడిగేది. ముందు గోరువెచ్చగా, తరవాత చురుక్కుమని, ఆ తరవాత అమ్మో అని చెయ్యి లాక్కునేలా ఉండేది. అమ్మో అన్నది పిజ్జా వేడి. పిన్ని మాత్రం అంకెల వంక చూసేది కాదు. అరచెయ్యి పెట్టి, పెదవి కొంచెం బిగించి, "ఇంకాస్త" అనేది.

అలాంటి పిన్నికి చూపు మసకబారింది. అంతా కాదు, సరిగ్గా నడిమధ్యన. పక్కలవి కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కరిగిపోతుంది. "అక్కా, నీ కమ్మలు బాగున్నాయి. మొహమెలా ఉందో మాత్రం అడక్కు" అని పిచ్చుక తల్లితో వేళాకోళమాడేది. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలింది మాత్రం చాలావరకు నిలబడుతుందని డాక్టరు చెప్పాడు. బేకరీ మానేసింది. ఒకరోజు ఇంట్లో గ్యాస్ పొయ్యి దగ్గర వేళ్లు కాల్చుకుంది. ఆ తరవాత వంటింటి గడప తొక్కలేదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, రేడియో పెట్టుకుని, "ఇన్నేళ్లు వండి పోశాను, ఇక మీరు వండి పెట్టండి" అంది నవ్వుతూ. ఆ నవ్వును ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

సాయం చేయబోతే మండిపడేది. పిచ్చుక తల్లి పెద్ద పెద్ద అంకెలున్న గడియారం తెచ్చి గోడకు తగిలిస్తే, తెల్లారేసరికి దాని మొహం గోడవైపు తిరిగి ఉంది.

"నా కోసమని ఎవరూ ఏమీ కొనొద్దు. నేనేమీ రోగిని కాను. అర్థమైందా?"

అందరికీ అర్థమైంది. పాకెట్ బ్రెడ్డు తింటూ ఊరుకున్నారు. బేకరీలో అన్నేళ్లు పనిచేసిన మనిషి ఇంట్లో పాకెట్ బ్రెడ్డు! అది నములుతుంటే మాట్లాడాలని ఎవరికీ అనిపించేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లో బాబాయికి పిజ్జా పిచ్చి పట్టింది.

"ఇంట్లో చేసుకుంటాను. నేనే చేస్తాను. చిన్న ఓవెన్ ఒకటి కొంటాను" అన్నాడు ఒక సాయంత్రం, ఏదో చిన్నప్పటి కల చెప్తున్నట్టు. "మరీ చవకది వద్దు, మరీ ఖరీదైనదీ వద్దు. మధ్యరకం."

పిన్ని రేడియో గొంతు పెంచింది. పిచ్చుక తల్లి కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్లి, "ఆవిడ అక్కడలా కూర్చుంటే ఈయనకి పిజ్జాలు కావాల్సొచ్చాయా? కాస్తయినా ఉండక్కర్లా?" అంది. పిచ్చుకకూ కోపమొచ్చింది. ఏమైనా సరే, బాబాయిని షాపుకి ఒంటరిగా పంపడం షాపువాళ్లకి మంచిది కాదు. అందుకని బయలుదేరింది.

బస్సులో బాబాయి పిండి డబ్బాని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోజు ఎండగా ఉంది. ఈస్ట్ కలిపిన పిండి, ఎండకి దానికి ప్రాణం లేచొచ్చింది. సగం దారిలో మూత టప్‌మని ఎగిరింది. పిండి తల బయటపెట్టి చూసింది. పక్క సీటాయన ఉలిక్కిపడి, "అదేంటండీ, కదులుతోంది?" అన్నాడు.

"భయపడకండి. ఆకలేస్తే లేస్తుంది" అన్నాడు బాబాయి, దాన్ని వేలితో లోపలికి నొక్కుతూ.

ఆయన తరవాతి స్టాపులో దిగిపోయాడు. అది ఆయన దిగాల్సిన స్టాపేనో కాదో తెలియదు.

ఇలా వచ్చారు షాపుకి. పాపం ఆ అమ్మే ఆవిడ మంచిది. చవకరకం ఓవెన్ ఒకటి ప్లగ్గులో పెట్టింది. బాబాయి దాని ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు. నాబ్ పట్టుకుని తిప్పాడు. వెనక్కి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. తరవాత అరచేతి వెనకవైపుతో దాని నెత్తి మీద, పక్కల, తలుపు మీద తాకుతూ వచ్చాడు.

"సార్, అది ఓవెన్. పేషెంటు కాదు" అంది ఆవిడ.

"పేషెంటేనమ్మా. ఒళ్లంతా జ్వరం. ఎక్కడ చెయ్యేసినా కాలుతోంది. ఈ నాబ్ చూడండి, నూనె రాసినట్టు జారిపోతోంది. ఎక్కడ ఆగాలో దానికే తెలియదు. ఇంకోటి పెట్టండి."

తరవాత ఆవిడ గర్వంగా అన్నిటికంటే ఖరీదైనదాని దగ్గరికి తీసుకెళ్లింది. నల్లగా నిగనిగలాడుతోంది. నాబ్‌లు లేవు, మీటలు లేవు, ముందంతా అద్దమే. "టచ్ స్క్రీన్ సార్. ఫోన్‌తో కూడా నడుస్తుంది."

"ఫోన్ నడుపుతుంది సరే, తినేది కూడా అదేనా?"

బాబాయి దాని ముందూ కళ్లు మూసుకున్నాడు. అద్దం మీద వేలు పెట్టాడు. అది కీచుమంది. ఇంకోచోట పెట్టాడు. మళ్లీ కీచుమంది. చాలాసేపు అలా వెతికాడు, చీకట్లో స్విచ్చి వెతికేవాడిలా. పిండి లోపల పెట్టారు. ఆయన వేళ్లు దేన్ని నొక్కాయో ఏమో, ఓవెన్ ఉన్నట్టుండి ఎర్రగా మండిపోయింది. పిజ్జా నల్లబడింది. పొగ లేచింది. పైకప్పులోని అలారం గగ్గోలు పెట్టింది. షాపులో జనమంతా మెట్ల మీదుగా కిందికి పరిగెత్తారు. ఫ్రిజ్‌లో తలపెట్టిన పిచ్చుకకు సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆమె బయటికొచ్చేసరికి బాబాయి అందరి వెనకా నింపాదిగా దిగుతూ, "లిఫ్టు ఎక్కొద్దు, లిఫ్టు ఎక్కొద్దు" అని జనానికి సలహాలిస్తున్నాడు.

ఆ రోజుకి షాపు మూసేశారు. మధ్యరకం ఓవెన్ చూడనేలేదు.

ఇంకో వారం ఇలాంటి ఊరేగింపు పిచ్చుక వల్ల కాదు. తల్లీ కూతుళ్లు ఆలోచించారు. బాబాయి ఆ అద్దం ఓవెన్ ముందే ఎక్కువసేపు నిలబడ్డాడు కదా, మనసు దాని మీదే ఉండి ఉంటుంది, ఖరీదుకి జంకి మధ్యరకం అంటున్నాడు. కానుకగా ఇచ్చేస్తే ఆయన ముచ్చటా తీరుతుంది, ఊరి షాపులూ బతికిపోతాయి. కొనేశారు. ఆయనకి తెలియకుండా ఇంటికి తెప్పించి, వంటింటి బల్ల మీద పెట్టించారు.

బాబాయి చూశాడు. "అబ్బో" అన్నాడు. ఆ ఒక్క మాటే. లిఫ్టు మధ్యలో ఆగినప్పుడు కూడా ఆయన మొహం అలా పడిపోగా పిచ్చుక చూడలేదు.

అప్పుడు జరిగిందొక వింత. కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. పిన్ని లేచింది. గోడ పట్టుకుని, చాలా కాలం తరవాత వంటింట్లోకి వచ్చింది. "ఏదీ, అంత గొప్పదేం తెచ్చారు?" అంటూ చెయ్యి చాపింది. ఆ వేళ్లు ఓవెన్ నెత్తి మీద నడిచాయి, తలుపు మీదికొచ్చాయి, తరవాత ముందున్న అద్దం మీదికి జారాయి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఎక్కడా ఏమీ తగల్లేదు. చల్లటి నున్నటి అద్దం. ఒకచోట కీచుమంది. పిన్ని చటుక్కున చెయ్యి తీసేసింది.

"బాగుంది" అంది. వచ్చిన దారినే గోడ పట్టుకుని వెళ్లిపోయి కుర్చీలో కూర్చుంది.

పిచ్చుక ఆ అద్దం మీది వేలిముద్రలవైపు చూస్తూ నిలబడిపోయింది. అవే వంకరటింకర గీతలు ఆమె షాపులో ఫ్రిజ్ తలుపు చాటునుంచి ఓసారి తొంగిచూసినప్పుడు చూసింది. కళ్లు మూసుకుని బాబాయి వేసిన గీతలు. మోటారు మాట వినాలంటే కళ్లు మూసుకోవాలి, సరే.

ఓవెన్‌కి మోటారు ఎక్కడుంది?

ఆమె గబగబా బయటికొచ్చింది. బాబాయి వరండాలో లిఫ్టు పక్కన నిలబడి, బాగానే ఉన్న లిఫ్టు బటన్‌ని తుడుస్తున్నాడు.

"బాబాయ్, నీకసలు పిజ్జా ఇష్టమేనా?"

"ష్! మెల్లగా" అన్నాడు ఇంటి తలుపువైపు చూస్తూ. ఆ తరవాత దొరికిపోయిన దొంగలా నవ్వాడు. "ఎక్కేవాళ్లు ఎలా ఎక్కుతారో మనమూ అలాగే ముందు ఎక్కి చూడాలి పిచ్చుకా. మీ పిన్నికని కొంటే గోడకు తిప్పేస్తుంది. నాకని కొంటే తిప్పదు గదా."

"నేను అంతా పాడుచేశాను."

"నువ్వేం పాడుచేశావే? ఇన్నాళ్లకి వంటింట్లోకి లేచొచ్చిందా లేదా? అంటే ఆవిడకింకా ఆశ ఉంది. అది నాకూ తెలియదు, నీ పుణ్యాన తెలిసింది." జేబు తడిమి పిప్పరమెంటు ఇచ్చాడు. "ఓవెన్ నేనే తిరిగి ఇచ్చేస్తాను. నాకు నచ్చలేదని చెప్తాను. నాకు నచ్చలేదంటే ఏ షాపువాడూ ఆశ్చర్యపోడు."

మర్నాడు మళ్లీ షాపు. బాబాయి గుమ్మంలో కనిపించగానే అమ్మే ఆవిడ మంటలార్పే ఎర్ర సిలిండరుని తన పక్కకి జరుపుకుంది.

ఈసారి పిచ్చుక ఫ్రిజ్‌ల దగ్గరికి వెళ్లలేదు. మధ్యరకం ఓవెన్ ముందు బాబాయి పక్కనే నిలబడి తనూ కళ్లు మూసుకుంది. చెయ్యి చాపి నాబ్ పట్టుకుంది. తిప్పితే టక్‌మంది. ఇంకాస్త తిప్పితే ఇంకో టక్కు. ఒక్కో టక్కూ వేలికి తగులుతోంది, చెవికీ వినిపిస్తోంది. తలుపు కిందికి తెరుచుకుని, అలాగే నిలబడింది, చెయ్యి వదిలినా పడిపోలేదు. పట్టుకునే పిడి చెక్కది, వేడెక్కలేదు. లోపల వేడిని పట్టి ఉంచే రాతి పలక ఉంది. టైం అయిపోగానే టింగ్‌మని నిజం గంట మోగింది.

"సార్, ఇది పాత మోడల్. దీంట్లో కొత్త సదుపాయాలేమీ లేవు" అంది ఆవిడ నిజాయితీగా.

"అందుకేనమ్మా" అన్నాడు బాబాయి కళ్లు మూసుకునే.

"అందుకేనండీ" అంది పిచ్చుక కళ్లు మూసుకునే.

ఆవిడ పక్క కౌంటరువైపు తిరిగి, "ఇప్పుడు ఇద్దరయ్యారు" అనడం ఇద్దరికీ వినిపించింది.

ఓవెన్ ఇంటికొచ్చింది. ఇక బాబాయి వంట మొదలైంది. ఆ వారంలో ఆయన చేసిన వాటిని పిజ్జాలనడం పిజ్జాలకు అవమానం. అంచులు మాడి, మధ్యలో పచ్చిగా ఉండేవి. ఆకారం చూస్తే ఏదో దేశం పటం గుర్తొచ్చేది. కావాలని పాడుచేస్తున్నాడో, నిజంగానే రాదో పిచ్చుకకు ఎప్పటికీ తెలియలేదు. పిన్నికి ముక్క తీసుకెళ్లి పెడితే నమిలి, నమిలి, "ఇది తినేదా, కాలికి తొడుక్కునేదా?" అని అడిగింది.

"నీకేం తెలుసు? బయటివాడు చేస్తేనే రుచి అనుకుంటావు" అని బాబాయి మళ్లీ పిండి కలిపాడు.

ఒక మధ్యాహ్నం. పిచ్చుక బల్ల దగ్గర టమాటాలు తరుగుతోంది. బాబాయి పెద్ద హడావుడిగా నాబ్ తిప్పాడు. టక్, టక్, టక్, టక్, టక్, టక్.

ముందు గదిలో రేడియో ఆగిపోయింది.

"అంత తిప్పారేంటి? తగలబెడతారా ఇల్లు? రెండు వెనక్కి తిప్పండి!"

"నీకక్కణ్ణించి ఏం కనిపిస్తుందోయ్?"

"కనిపించడమెందుకు, వినిపించి చావడం లేదూ! వారం నుంచి వింటున్నా. వెనక్కి తిప్పండి. వెనక్కి... అబ్బ, ఒకటే తిప్పారు, రెండన్నాను!"

"ఇది తిరగడం లేదు. నువ్వొచ్చి తిప్పు."

కుర్చీ కిర్రుమంది. బాబాయి పిచ్చుకవైపు చూడలేదు. పిచ్చుకా ఆయనవైపు చూడలేదు. చూస్తే ఏమవుతుందోనని ఇద్దరూ టమాటాలవంక చూశారు.

పిన్ని వచ్చింది. "జరగండి" అని మోచేత్తో బాబాయిని పక్కకి నెట్టింది. నాబ్ పట్టుకుని ఒక టక్కు వెనక్కి వేసింది. ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి, కొత్త పిల్లాడి పేరు అడుగుతున్నట్టు దాన్ని కాసేపు తిప్పింది. పిడి తడిమి తలుపు దించింది. అరచెయ్యి ఓవెన్ నోటి ముందు పెట్టింది. పెదవి కొంచెం బిగించింది.

"ఇంకాస్త" అంది.

పిచ్చుక కత్తి కింద పెట్టేసింది. బేకరీ వెనక తలుపు, బడిసంచి, మోచేతుల మీది పిండి అన్నీ ఒక్కసారి ఆ చిన్న వంటింట్లోకి వచ్చినట్టయింది ఆమెకు.

"ఈ పిండి ఎవరు కలిపారు? గోడకి పూసేదానిలా ఉంది" అంటూ పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇక ఆ తరవాత ఆ బల్ల దగ్గర ఎవరికీ చోటు దొరకలేదు. ఏది ఎక్కడుందని అడుగుతుంది, చేతికిచ్చేలోగా తనే తీసుకుంటుంది, ఆలస్యం చేశారని తిడుతుంది. గంట టింగ్‌మనేలోపే వాసన పట్టేసి, "అయింది, తియ్" అంది. గుండ్రంగా, అంచులు పొంగి, మధ్యలో బుడగలు కడుతున్న పిజ్జా బయటికొచ్చింది.

బాబాయి తన ముక్క అందుకుని, "ఆహా" అన్నాడు. గాలి ఆడటం లేదంటూ వెళ్లి కిటికీ తెరిచి అక్కడే నిలబడ్డాడు.

పిన్ని పిచ్చుక చెవి దగ్గరికి వంగింది. "ముక్క నీ పళ్లెంలో పెట్టాడా?"

పిచ్చుక చూసుకుంది. పెట్టాడు. ఎప్పుడు పెట్టాడో తెలియదు.

"పెళ్లైన కొత్తలో ఒకరోజు బేకరీ నుంచి తెచ్చాను. చీజ్ వాసన పడక ఇలాగే కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. ఆ మనిషికి పిజ్జా పిచ్చట!" పిన్ని గొంతు ఇంకా తగ్గించింది. "నాకు తెలుసని చెప్పకు. ఇంకా ఏమేం కొంటాడో చూద్దాం."

పిచ్చుకకు నవ్వాగలేదు. నోట్లో పిజ్జా ఉండబట్టి బతికిపోయింది.

సాయంత్రం పిచ్చుక బజారుకి బయలుదేరుతుంటే బాబాయి లిఫ్టు దాకా వచ్చాడు. లిఫ్టు తలుపు తెరుచుకున్నా వదల్లేదు, చేత్తో ఆపి పట్టుకుని, ఇంటివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"పిచ్చుకా, ఒక పని చేసిపెట్టాలే. పిండి తూచే త్రాసుల్లో మాట్లాడేవి వచ్చాయట, బరువెంతో నోటితో చెప్తాయట. రేపు వెళ్లి కళ్లు మూసుకుని ఒకటి వాడి చూడు. నేనెళ్తే ఆ షాపులో రానివ్వరు. పిండి డబ్బా నేనిస్తాను."

"ఎవరికని అడిగితే ఏం చెప్పను బాబాయ్?"

"మా బాబాయికి పిచ్చని చెప్పు. టక్కున నమ్ముతారు."